షెల్టర్ కుక్కను ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

కుక్కను పెంచుకుందాం అనుకోగానే మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ‘ఏ బ్రీడ్?’ అని. లాబ్రడార్, షిట్జు, గోల్డెన్ రిట్రీవర్, ఈమధ్య హస్కీ కూడా. రోహిణీ కార్తె ఎండల్లో సైబీరియా కుక్కను ఏసీ గదిలో పెట్టి పెంచడం దానికి శిక్షే. మన ఎండకూ వానకూ తరతరాలుగా అలవాటుపడ్డ కుక్కలేమో జంతు సంక్షేమ సంస్థల షెల్టర్లలో ఎవరూ అడగక ఉండిపోతున్నాయి. బండి గుద్ది కాలు విరిగినవి, తల్లి చచ్చిపోయి వీధిలో దొరికినవి, ఊరు మారుతూ యజమానులు వదిలేసిపోయిన జాతి కుక్కలు... అన్నీ ఉంటాయక్కడ.

వాటిలో ఒకదానికి ఇల్లు ఇవ్వాలనుకునేవాళ్ల కోసం, ఇవ్వలేకపోయినా ఏదో ఒక సాయం చేయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జాలి మంచిదే గానీ, దత్తతకు జాలి ఒక్కటే చాలదు. ఆ పూట జాలేసి తెచ్చుకున్న కుక్క నెల తిరక్కుండానే మళ్లీ షెల్టర్‌కు చేరితే, దానికి ఇల్లు రెండోసారి పోయినట్టే. అలా కాకూడదంటే పని కుక్కను చూడకముందే మొదలవ్వాలి.

1. ముందు ఇంట్లో తేల్చుకోండి

కుక్క పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. ఇవాళ ఐదో తరగతి చదివే పిల్లాడు ‘నేనే చూసుకుంటా’ అని మాటిస్తే, ఆ కుక్క ముసలిదయ్యేసరికి అతను ఏ ఊళ్లో ఉద్యోగం చేస్తుంటాడో. కాబట్టి మాట పిల్లల దగ్గర కాదు, పెద్దవాళ్ల దగ్గర తీసుకోవాలి. పొద్దున ఆరింటికి బయట తిప్పేది ఎవరు? భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకెళ్తే పగలంతా దాని దగ్గర ఉండేది ఎవరు? సంక్రాంతికి ఊరెళ్తే దాన్ని తీసుకెళ్తారా, ఎవరి దగ్గరైనా ఉంచుతారా? ఇంట్లో పూజగదికీ వంటింటికీ అది రాకూడదని అత్తగారో అమ్మమ్మో అంటే దాన్ని మొండితనంగా చూడకండి. ఆ రెండు గదులకు కుక్క రాకుండా అలవాటు చేయడం కష్టం కాదు. ఇంట్లో ఒక్కరికి గట్టిగా ఇష్టం లేకపోయినా కొన్నాళ్లు ఆగడమే నయం.

అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకోలు ముందే తీసుకోండి. సొంత ఫ్లాటులో ఉండి, అసోసియేషన్ వాళ్లు ‘ఇక్కడ కుక్కలు కుదరవు’ అంటే కంగారుపడొద్దు. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని, లిఫ్టు వాడుకోనివ్వకుండా ఆపకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా వాటిని పట్టుకుని గొడవతో మొదలుపెట్టకండి. పక్కింటివాళ్లకు ముందే చెప్పండి, మెట్ల మీదా కారిడార్‌లోనూ మురికి చేస్తే మీరే శుభ్రం చేస్తామని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకుంటే సగం తగాదాలు పుట్టవు.

విదేశాలకు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట. వీసా వచ్చాక కుక్కను వదిలేసి వెళ్లే కుటుంబాలు మన నగరాల్లో తక్కువేం కాదు. అమెరికా ప్రభుత్వం మన దేశాన్ని కుక్కల రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో పెట్టింది. 2024 ఆగస్టు 1 నుంచి ఆ దేశంలో అడుగుపెట్టే ప్రతి కుక్కకూ కనీసం ఆరు నెలల వయసు, మైక్రోచిప్ ఉండాలి. మనలాంటి దేశాల నుంచి వెళ్లేవాటికి టీకా పత్రాలూ పరీక్షలూ అదనం. తీసుకెళ్లడం సాధ్యమే, కానీ నెలల ముందు నుంచే ఏర్పాట్లు మొదలుపెట్టాలి, ఖర్చూ బాగానే అవుతుంది. రెండేళ్లలో వెళ్లిపోతామని తెలిస్తే దత్తత మానండి, దాని బదులు ఫోస్టర్ చేయండి. దాని గురించి కింద చెబుతాను.

2. సంస్థను చూసి ఎంచుకోండి

హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఉంది. విశాఖపట్నంలో 1996 నుంచి పనిచేస్తున్న విశాఖ జంతు సంరక్షణ సంస్థ ఉంది. చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు 1959 నాటి బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా దగ్గర. వీధికుక్కలను చంపడం మాని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదలాలనే పద్ధతిని మన దేశంలో 1960ల్లోనే ముందుకు తెచ్చింది వాళ్లే. ఇవి కాక ప్రతి పట్టణంలో చిన్న బృందాలు, ఒంటరిగా ఇంట్లోనే పదిపదిహేను కుక్కలను సాకే మనుషులు ఉంటారు. మున్సిపాలిటీలు కూడా ఈ దారిలోకి వస్తున్నాయి. ఢిల్లీ వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఇష్టమున్నవాళ్లు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చని, అది మళ్లీ వీధికి చేరకుండా చూసే బాధ్యత వాళ్లదేనని చెప్పింది.

మంచి సంస్థను గుర్తుపట్టడం ఎలా? మీరు వెళ్లి చూస్తానంటే రమ్మంటుంది. కుక్కకు వేసిన టీకాల కార్డు చూపిస్తుంది. పెద్ద కుక్కయితే ఆపరేషన్ చేసే ఇస్తుంది, పిల్లయితే వయసు రాగానే చేయిస్తామని మీ దగ్గర రాయించుకుంటుంది. దాని జబ్బులూ భయాలూ దాచదు. అన్నిటికన్నా ముఖ్యంగా, కుదరకపోతే తిరిగి తీసుకుంటుంది. అడిగిన వెంటనే, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కుక్కను చేతిలో పెట్టేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి. దత్తత పేరు చెప్పి జాతి కుక్కపిల్లలను వేలకు వేలు పెట్టి అమ్మేవాళ్లు సంక్షేమ సంస్థ కాదు, వ్యాపారులు. టీకాలకూ ఆపరేషన్‌కూ అయిన ఖర్చులో కొంత అడగడం మాత్రం న్యాయమే, ఇవ్వండి.

3. పిల్ల కాదు, పెద్ద కుక్కను చూడండి

షెల్టర్‌కు వచ్చిన ప్రతి కుటుంబమూ కుక్కపిల్లల వైపే వెళ్తుంది. వాటి ముఖాలు చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది, కాదనను. కానీ మొదటిసారి పెంచేవాళ్లకు నా సలహా ఒకటే: రెండు మూడేళ్ల కుక్కను తీసుకోండి. పిల్లకు రాత్రిళ్లు లేవాలి, గంటకోసారి బయటికి తీసుకెళ్లాలి, అది చెప్పులూ చార్జర్ వైర్లూ కొరికితే ఓర్చుకోవాలి. టీకాలు పూర్తయ్యేదాకా పార్వో అనే వైరస్ జబ్బు భయం ఒకటి. పైగా ఆ పిల్ల పెరిగాక ఎంత ఎత్తవుతుందో, ఎలాంటి స్వభావం వస్తుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద కుక్క స్వభావం కళ్లముందే ఉంటుంది. పిల్లలంటే దగ్గరికొస్తుందో, దూరంగా జరుగుతుందో చూస్తే తెలిసిపోతుంది. షెల్టర్‌లో ఏళ్ల తరబడి ఉండిపోయేవీ ఈ పెద్ద కుక్కలే.

ఒక్కసారి చూసి నిర్ణయించుకోవద్దు. రెండు మూడుసార్లు వెళ్లండి, వేర్వేరు వేళల్లో వెళ్లండి. బోను దగ్గర విపరీతంగా అరిచే కుక్క బయటికి తీసుకొస్తే ఎంతో నెమ్మదిగా ఉండొచ్చు, ఎందుకంటే ఆ అరుపు చాలాసార్లు ఇరుకువల్ల వచ్చేది. లీష్ మీద పది నిమిషాలు నడిపించి చూడండి. కింద కూర్చుని, దాని వైపు నేరుగా చూడకుండా, చేయి పక్కన పెట్టి ఆగండి. అదే వచ్చి వాసన చూస్తే మంచి సూచన. రాకపోతే చెడ్డ కుక్క అని కాదు, దానికి టైమ్ ఎక్కువ కావాలని అర్థం. అంత ఓపిక మీకుంటే సరే.

రోజూ దానికి అన్నం పెట్టే పనివాళ్లను తప్పకుండా అడగండి. వాళ్లకు తెలిసినంత ఆఫీసులో ఉన్నవాళ్లకు తెలియదు. తింటుంటే ఎవరైనా దగ్గరికొస్తే గుర్రుమంటుందా? మగవాళ్లను చూసి భయపడుతుందా? ఒంటరిగా వదిలితే ఏం చేస్తుంది? పిల్లులతో, వేరే కుక్కలతో ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నలకు నిజమైన జవాబులు దొరికితే ఇంటికి వచ్చాక ఎదురయ్యే చిక్కులు సగానికి తగ్గుతాయి.

నల్ల కుక్కలను జనం వెనకబెడతారు, అరిష్టమని కొందరి భయం. కాలభైరవుడి పక్కన నిలబడేది కుక్కే, మన గుళ్లలో పూజలందుకునేదీ అదే. రంగు చూసి వెనక్కి తగ్గకండి. మూడు కాళ్ల కుక్క, ఒక కన్ను పోయిన కుక్క కూడా ఇంట్లో హాయిగా బతుకుతాయి. వాటికి ప్రత్యేక వైద్యం ఏం కావాలో మాత్రం ముందే వెట్‌ను అడిగి తెలుసుకోండి.

4. వాళ్ల ప్రశ్నలకు నొచ్చుకోకండి

ఆధార్ కాపీ, ఇంటి చిరునామా, ఫారం, ఇంటికొచ్చి చూడటం, ఒప్పందం మీద సంతకం... ఇదంతా చూసి ‘ఉచితంగా పెంచుతామంటే ఇన్ని అడుగుతారేంటి?’ అని కొందరు చిన్నబుచ్చుకుంటారు. వాళ్లు అడుగుతున్నది నోరులేని కుక్క తరఫున. బాల్కనీ గ్రిల్ సందులోంచి కుక్క దూరుతుందా, గేటు కింద ఖాళీ ఎంతుంది, పగలంతా గొలుసుతో కట్టేస్తారా, కాపలా కోసం తోటలోనో గోడౌన్‌లోనో వదులుతారా అని చూస్తారు. కుక్కను ఎప్పుడూ కట్టేసి, తిప్పకుండా ఉంచడమూ, సరైన కారణం లేకుండా వదిలేయడమూ 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరాలు. ఆ చట్టానికి రాజ్యసభలో బీజం వేసింది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్.

5. ఇంట్లో సిద్ధం చేయాల్సినవి

పెద్ద ఖర్చేం కాదు. మెడకు కాలర్, దానికి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల, ఛాతీకి హార్నెస్, గట్టి లీష్, నీళ్లకూ అన్నానికీ బరువైన స్టీలు గిన్నెలు, ఒక మూల పాత దుప్పటి. బాల్కనీకి వల. ఎలుకల మందు, ఫినాయిల్, మాత్రలు అందనంత ఎత్తులో. మంచం కొనాల్సిన పనిలేదు.

6. మొదటి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు

ఈ లెక్క కుక్కలను సాకేవాళ్లందరూ చెప్పేదే. మూడు రోజులు భయం పోవడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లు అని నమ్మడానికి. కచ్చితంగా అలాగే జరగాలని లేదు, కొన్నిటికి ఏడాది పడుతుంది. కానీ తిరిగి ఇచ్చేసేవాళ్లు ఎక్కువగా ఈ మొదటి వారాల్లోనే ఇచ్చేస్తారు కాబట్టి ఈ భాగాన్ని శ్రద్ధగా చదవండి.

తెచ్చిన రోజు బంధువులను పిలవకండి, ఫొటోల కోసం ఎత్తుకోకండి, స్నానం చేయించకండి. ఇంట్లోకి రాగానే దాని మూల చూపించి, నీళ్లు పెట్టి వదిలేయండి. సోఫా కింద దూరితే దూరనివ్వండి. బయటికి లాగొద్దు. మొదటి రెండు రోజులు తినకపోవచ్చు, నీళ్లు తాగుతూ హుషారు తగ్గకుండా ఉంటే భయపడక్కర్లేదు. షెల్టర్‌లో ఏం పెట్టేవారో అదే వారం రోజులు పెట్టండి, ఆ తర్వాత మీ తిండి కొంచెం కొంచెం కలపండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

రాత్రి మూలుగుతుంది. మీరు పడుకునే గదిలోనే ఒక పక్క దుప్పటి వేస్తే చాలావరకు ఆగిపోతుంది. షెల్టర్‌లో చుట్టూ నలభై కుక్కల మధ్య పడుకున్నదానికి నిశ్శబ్దమైన ఇల్లు కొత్త.

ఒంటికీ రెంటికీ బయటికి వెళ్లే అలవాటు ఇలా చేయాలి: లేవగానే, తినగానే, ఆడి అలసిపోగానే, పడుకునే ముందు ఒకే చోటికి తీసుకెళ్లండి. అక్కడ చేసిన వెంటనే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టండి. ఇంట్లో చేస్తే మాట్లాడకుండా తుడిచేయండి. ముక్కు దానికి రాయడం, కొట్టడం వల్ల అది నేర్చుకునేది మీరంటే భయం మాత్రమే, ఆ తర్వాత మంచం వెనకాల చేస్తుంది.

పారిపోయే ప్రమాదం మొదటి నెలలోనే ఎక్కువ. బయట కాలర్‌కూ హార్నెస్‌కూ రెండిటికీ లీష్ తగిలించండి. తలుపు తీసే ముందు కుక్క ఎక్కడుందో చూడటం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి, పనిమనిషికీ పాలబ్బాయికీ కూడా చెప్పండి. దీపావళి, వినాయక నిమజ్జనం, పెళ్లి ఊరేగింపులు ఉన్న రోజుల్లో సాయంత్రం చీకటి పడకముందే తిప్పి, కిటికీలు మూసి, ఫ్యానో టీవీయో పెట్టి లోపల ఉంచండి. టపాసుల చప్పుడుకు మొదటి ఏడాది తప్పిపోయే కుక్కలు చాలా.

7. తిండి

అన్నంలో ఉడికించిన చికెన్, గుడ్డు, గుమ్మడి, క్యారెట్, కొంచెం పెరుగు. ఉప్పూ కారమూ వద్దు. మనం తినగా మిగిలిన కూరన్నం పెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది గానీ, అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ విషం. పాయసంలో కిస్‌మిస్ ఉంటుందని మరిచిపోకండి. బిరియానీ ఎముకలు అసలు వద్దు, ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఇంట్లో గుడ్డు కూడా రానివ్వని కుటుంబమైతే, మంచి ప్యాక్ తిండి ఏదో వెట్‌ను అడిగి పెట్టండి. వట్టి పెరుగన్నం మీద కుక్కను పెంచడం మాత్రం సరికాదు.

8. వైద్యం

వచ్చిన వారంలోపు వెట్‌కు చూపించండి. పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ వంటివాటికి కలిపి వేసే టీకా మొదలవుతుంది, మూడు నాలుగు వారాల ఎడంతో మళ్లీ వేస్తారు. రేబిస్ టీకా మూడు నెలలకు, తర్వాత వెట్ చెప్పిన తేదీల్లో, ఆపైన ప్రతి ఏటా. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి నులిపురుగుల మందు. మన వాతావరణంలో పిడుదుల బెడద ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి వాటి మందు మానకండి. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం కనిపిస్తే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అని అనుమానించి ఆ రోజే తీసుకెళ్లండి. రక్తపు విరేచనాలు, వాంతులయితే గంటలు కూడా ఆలస్యం చేయొద్దు. కుక్క ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. జ్వరమనుకుని మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వేయకండి, చచ్చిపోవచ్చు.

ప్రైవేటు క్లినిక్ భారమైతే ప్రభుత్వ వైద్యం ఉంది. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు పెంపుడు కుక్కలనూ చూస్తాయి. మున్సిపాలిటీలో పెంపుడు కుక్క రిజిస్ట్రేషన్ కూడా చేయించండి.

ఎవరికైనా పన్ను తగిలితే, అది మీ కుక్కే అయినా సరే, పదిహేను నిమిషాలపాటు పారే నీళ్లూ సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి. పసుపూ కారమూ పెట్టడం, కట్టు కట్టడం వద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు లేదు. ముందే టీకా వేసుకుంటే దాదాపు ఎవరూ చనిపోరు.

9. తెచ్చుకోలేనివాళ్లు చేయగలిగినవి

ఫోస్టర్ అంటే ఆపరేషన్ అయిన కుక్కనో, తల్లిలేని పిల్లలనో కొన్ని వారాలు మీ ఇంట్లో ఉంచుకుని, శాశ్వతమైన ఇల్లు దొరికాక పంపించడం. తిండీ మందులూ చాలా సంస్థలు వాళ్లే ఇస్తాయి. ఒక కుక్క మీ ఇంటికి వస్తే షెల్టర్‌లో ఇంకో కుక్కకు చోటు ఖాళీ అవుతుంది. నా దృష్టిలో డబ్బుకన్నా విలువైన సాయం ఇది. పంపించేటప్పుడు ఏడుపొస్తుంది, అయినా చేయండి.

డబ్బిచ్చేవాళ్లు ఒకేసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా చిన్న మొత్తం ఇవ్వండి. జీతాలూ బియ్యమూ మందులూ ప్రతి నెలా కావాలి. 80జీ గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు మినహాయింపు దొరుకుతుంది, రెండు వేలు దాటిన నగదుకు దొరకదు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మారినవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల అనుమతి ఉన్న సంస్థకే పంపాలి.

పాత దుప్పట్లు, న్యూస్‌పేపర్లు, బియ్యం, గాయాల మందులు ఇవ్వొచ్చు. ఆదివారం వెళ్లి కుక్కలను నడిపించొచ్చు. మంచి ఫొటో తీసి, దాని స్వభావాన్ని నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసి పెడితే ఆ కుక్కకు ఇల్లు దొరికే అవకాశం పెరుగుతుంది.

వీధిలోని కుక్కలకు అన్నం పెట్టేవాళ్లకు బాధ్యత కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని పక్కనబెట్టి కుక్కల మీద ప్రేమ గురించి మాట్లాడటం తగదు. అదే ఏడాది వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు పిల్లలు ఆడుకునే చోటుకూ, గేట్లకూ, మెట్లకూ దూరంగా, పిల్లలూ ముసలివాళ్లూ తిరగని వేళల్లో పెట్టమంటున్నాయి. అన్నం పెట్టే ప్రతి కుక్కకూ ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యేలా మున్సిపాలిటీనో సంస్థనో పట్టుకోండి. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొస కత్తిరించి ఉంటుంది. తప్పు చేయని బిడ్డను ఎందుకు కొట్టారని సరమ అనే తల్లికుక్క జనమేజయుణ్ణి నిలదీసిన కథ నన్నయ భారతంలోనే ఉంది. మనిషికీ కుక్కకూ మధ్య న్యాయం గురించి మన సాహిత్యం ఆలోచించడం కొత్త కాదు.

10. కుదరకపోతే

ఎంత ప్రయత్నించినా కుదరని జోడీలు ఉంటాయి. ఇంట్లో ఎవరికో తీవ్రమైన ఎలర్జీ బయటపడొచ్చు, కుక్క పసిబిడ్డను చూసి కలవరపడొచ్చు. సిగ్గుపడి దాచకండి, రోడ్డు మీదా గుడి దగ్గరా వదలకండి. సంస్థకు ఫోన్ చేయండి. చాలా చిక్కులు ఒక ట్రైనర్ సలహాతోనే తీరిపోతాయి, తీరకపోతే వాళ్లే తీసుకుంటారు.

ఇక్కడిదాకా చదివి సిద్ధమేనని అనిపిస్తే, దగ్గర్లోని షెల్టర్‌కు ఫోన్ చేసి సందర్శన వేళలు కనుక్కోండి. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లండి. ఆ మొదటి రోజు మాత్రం కుక్కను తెచ్చుకోకుండా, చూసి, మాట్లాడి, రెండోసారి ఎప్పుడు రావచ్చో అడిగి రండి.